శ్రావణంలో ఇచ్చిన రిపోర్టులు వెనక్కి తీసుకుంటున్నామండి

అమలాపురం దగ్గర మా షెడ్డులో శాంపిల్స్ టెస్ట్ చేయించుకున్న అందరికీ నమస్కారమండి. శ్రావణ మాసంలో వెళ్ళిన ఎటామిక్ ఆక్సిజన్ (విడి ఆక్సిజన్ పరమాణువుల దెబ్బని శాటిలైట్ పూతలు ఎంత తట్టుకుంటాయో చూసే టెస్ట్) రిపోర్టులు వాడకండి. తప్పు మాదే.

మిషన్ సంగతి మీకు తెలిసిందే, నాజిల్లోకి కాస్త ఆక్సిజన్ వదిలి దాని మీద కార్బన్ డయాక్సైడ్ లేజర్ పల్స్ కొడితే ప్లాస్మా అయిపోయి, అణువులు పరమాణువులుగా విడిపోయి సెకనుకి 8 కిలోమీటర్ల స్పీడుతో వెళ్ళి మీ ముక్కని గుద్దుతాయి, కింది కక్ష్యలో శాటిలైట్‌కి తగిలేది కూడా ఇంచుమించు ఆ దెబ్బే, ఎనర్జీ లెక్కలో 5 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ లేజర్ చాంబర్లోకి వెళ్ళే విండో పగిలింది. తేమకి కరగని జింక్ సెలెనైడ్‌ది ఆర్డర్ పెడితే సప్లయరు మూడు వారాలు రేపు మాపు అని తిప్పి, చివరికి ఉప్పుది పంపాడు. ఉప్పంటే వంటింటి ఉప్పేనండి, సోడియం క్లోరైడ్ క్రిస్టల్. 10.6 మైక్రాన్ల లేజర్ దాన్లోంచి బానే వెళ్తుంది, అది అబద్ధం కాదు. కానీ వానలు మొదలవగానే మా అమ్మ ఉప్పు జాడీలో నీరూరుతుంది, చిన్నప్పట్నించీ చూస్తున్నా, అయినా మీ డెలివరీలు లేటవుతున్నాయని బిగించేశా.

వాక్యూమ్ వైపు ఏం కాలేదు, బయటి వైపు మసకేసింది. లేజర్ బలం తగ్గి పరమాణువుల స్పీడు సెకనుకి ఆరున్నర కిలోమీటర్లకి పడింది. మొదటి రోజు స్పీడు కొలిచి తర్వాత చూసుకోకపోవడం నా బద్ధకం. సప్లయర్ని అడిగితే "రొయ్యల చెరువుల మధ్య ల్యాబ్ పెట్టుకుని మమ్మల్నంటారేంటండీ" అన్నాడు. ఆ మాట ఇంకా దిగలేదు నాకు. ఇక్కడ గాలి ఇలాగే ఉంటుందని ఆర్డర్లోనే రాశానండి!

రిపోర్టులు ఆపాలా వద్దా అని రెండు రాత్రులు నిద్ర లేదు. మా బావమరిది అన్నదీ కొట్టిపారేసేది కాదు: పక్కనే కాప్టన్ (ఈ దెబ్బకి ఎంత తరుగుతుందో ముందే తెలిసిన ప్లాస్టిక్ ఫిల్మ్) ముక్క కూడా అదే దెబ్బ తింది కదా, దాని బరువు ఎంత తగ్గిందో చూసి డోసు, అంటే ఎన్ని పరమాణువులు తగిలాయో, లెక్క కట్టాం కదా, ఇంక తప్పేముంది బావా అని. డోసు వరకూ నిజమే. కానీ ఎనర్జీ స్పీడు వర్గాన్ని బట్టి ఉంటుంది, ఆరున్నర అంటే మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టులే, ఎనర్జీ తగ్గితే మీ పూత, కాప్టన్ ఒకే లెక్కలో తగ్గాలని రూలేం లేదు. మీరు డబ్బులిచ్చింది 5 కి.

అందరికీ ఫ్రీగా మళ్ళీ చేస్తాం. వేరే చోట కొన్న జింక్ సెలెనైడ్ విండో బిగించాం, పాతాయన డిస్కౌంట్ ఇస్తానని ఫోన్ చేశాడు, వద్దన్నా, నష్టమైనా సరే. ఇకనించి రన్ ముందూ వెనకా కొలిచిన స్పీడు రిపోర్టులో ఉంటుంది. కాలిన ముక్కలు పనికిరావండి, కొత్తవి పంపండి, చేత్తో ముట్టుకోకుండా ప్యాక్ చేయండి, క్రితంసారి ఒకదాని మీద బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టు వచ్చింది.