బొటనవేలు లోపల పెట్టకు బిడ్డా

బిడ్డా సరితా,

మేము మంచిగనే ఉన్నం. మీ అమ్మ మోకాళ్లకు నువ్వు పంపిన నూనె అయిపోయింది. ఇంకో సీసా పంపకు, దానికి ఆ వాసన పడ్తలేదు. మామిడిచెట్టు ఈసారి పూతంతా రాల్చింది. ఇంతకు మించి ఇంట్ల సంగతులేం లేవు.

మొన్న పరకాల పెండ్లిల చిన్నమ్మ కొడుకు కలిసిండు. ఏటూరునాగారంల నిన్ను చూసిండట. కుడిచేతి బొటనవేలికి పట్టీ ఉందట, మిర్చి బస్తాలు ఎక్కిస్తుంటే తగిలిందని చెప్పినవట. తగిలిందేమో. నేను అడుగుతలేను. మూడు వారాల సంది ఫోన్ లేదు, అదీ అడుగుతలేను. తాత నాటి పాత జీపు పికప్‌కు పవర్ స్టీరింగ్ పెట్టిస్తనని తిరుగుతున్నవని తమ్ముడు చెప్పిండు. అందుకే రాస్తున్న. ఫోన్ల చెప్తే "సరే బాపు" అని పెట్టేస్తవు.

ముందుగాల స్టీరింగ్ బరువు ఎక్కడి నుంచి వస్తుందో చూడు. ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపు, డ్రాగ్ లింక్, అదే స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల దిక్కు పోయే కడ్డీ, ఊడదీయి, చక్రం చేత్తోటి పట్టుకొని అటు ఇటు తిప్పు. చక్రమే బరువుగ తిరిగితే తప్పు కింగ్ పిన్, అదే చక్రం అటు ఇటు తిరిగే మేకు, దాని బేరింగులది, గ్రీజు ఎండిపోయి ఉంటది. చక్రం తేలిగ్గ తిరిగి, స్టీరింగ్ ఒక్కటే బిగుసుకుంటే తప్పు స్టీరింగ్ బాక్స్‌ది. ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు, కమాన్ పట్టీల బుష్‌లు, చక్రాల బేరింగులు అన్నీ అప్పుడే చూడు. అరిగిన సామాన్ల మీద పవర్ పెడితే అరుగుదల చేతికి తెల్వదు, తెలిసేసరికి ఎండ్ ఊడి చేతుల పడ్తది. ఇంకోటి, తాడ్వాయి అడవి దారిల నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ గేరు వేసి, తారురోడ్డు ఎక్కినంక తీస్తున్నవా? మలుపుల ముందు చక్రాలు వెనక చక్రాల కన్న ఎక్కువ దూరం తిరగాలె. ముందు వెనక చక్రాలను వేరే వేరే వేగంతోటి తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఈ బండి నడుమ లేదు, మట్టి మీద టైర్లు జారి సర్దుకుంటయి గాని తారు మీద జారయి. అప్పుడు స్టీరింగ్ బండరాయి అయితది. దానికి పవర్ స్టీరింగ్ మందు కాదు. టైర్ల గాలి కూడా చూసుకో, నువ్వు ఎప్పుడూ చూడవు.

ఇవన్నీ చూసినంక కూడా పెట్టాలనిపిస్తే పెట్టు, వద్దనను.

పవర్ స్టీరింగ్ బాక్స్ కొనేటప్పుడు మూడు చూడాలె. కుడి స్టీరింగ్ బండిదే కావాలె. దాని పిట్‌మన్ ఆర్మ్, అదే బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ను ఆడించే చెయ్యి, ముందుకు వెనక్కి ఊగుతదా, పక్కలకు ఊగుతదా చూడు. మన డ్రాగ్ లింక్ ఎట్ల కదులుతదో అది గట్లనే ఊగాలె, లేకుంటే కింద లింకులన్నీ మార్చాలె. మూడోది, ఆర్మ్ పండ్లు షాఫ్టుకు సరిగ్గ కూర్చోవాలె. ఆర్మ్ పొట్టిగనో పొడుగ్గనో ఉందని గ్యాస్‌తోటి కాల్చి వంచుతమంటరు. వంచనియ్యకు. కాలిస్తే ఉక్కు పదును పోతది, ఎప్పుడు విరుగుతదో చెప్పలేం.

బాక్స్‌ను చాసిస్‌కు, అదే బండి అడుగు ఫ్రేముకు, బిగించే కాడనే అందరూ తప్పు చేస్తరు. సమ్మన్న మామ జీపు సంగతి నీకు సగమే తెలుసు. ఆయన ఒక షెడ్డుల ఒక్క రోజుల బాక్స్ పెట్టించుకున్నడు. చాసిస్ లోపల బోలు కదా, వాళ్లు అటు నుంచి ఇటు రంధ్రం వేసి బోల్టు దూర్చి బిగించిండ్రు. బిగించినకొద్దీ రేకు లోపలికి నొక్కుకుపోయింది. పది రోజులకు బోల్టులు వదులు, మళ్ల బిగించుడు, మళ్ల వదులు. జాతరకు బంగారం, అదే బెల్లం, మోసుకొని పోతుంటే మలుపుల స్టీరింగ్ తిప్పిండు, చక్రాలకు బదులు బాక్సే వేలు మందం కదిలింది. బోల్టు రంధ్రం కాడి నుంచి పగులు పారింది. బండి మెల్లగ ఉండె గనుక పత్తి చేన్ల దిగి ఆగింది. తీసుకపోతే ఆ షెడ్డోళ్లు పగులు మీద ఒక పట్టీ పెట్టి నిలువుగ వెల్డింగ్ కొట్టిండ్రు. మూడు నెలలకు ఆ వెల్డింగ్ అంచుకే మళ్ల పగిలింది. అత్త ఇప్పటికీ ఆ జీపు ఎక్కదు, అది వేరే కథ. చివరికి బాగైన తీరు విను. పగులు కొసకు 5 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు అక్కడ ఆగుతది. పగులును వీ ఆకారంల గ్రైండ్ చేసి నింపాలె. దాని మీద 6 మిల్లీమీటర్ల ప్లేటు, కొసలు ఏటవాలుగ కోసి, అడ్డం వెల్డింగ్ లేకుండ పెట్టాలె. బోల్టు పోయే ప్రతి రంధ్రంల మందం పైపు ముక్క చాసిస్ వెడల్పుకు సరిగ్గ కోసి, రెండు దిక్కులా వెల్డింగ్ చేయాలె. అప్పుడు బోల్టు ఆ పైపును బిగిస్తది గాని రేకును నొక్కది. బోల్టులు 12 మిల్లీమీటర్లవి, తల మీద 10.9 అని ఉండాలె, 110 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాలె. అందాజతోటి కాదు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తోటి. నీకు పైపు ముక్కలు మొదలే పెట్టియ్యమను. పెట్టినోళ్లు నవ్వితే నవ్వనియ్యి.

స్టీరింగ్ రాడ్‌ను కోసి వెల్డింగ్ చేస్తమన్నా ఒప్పుకోకు. రెండు యూనివర్సల్ జాయింట్లు, అదే ఎటైనా వంగే కీళ్లు, ఉన్న షాఫ్టు తెప్పియ్యి. జాయింటు 35 డిగ్రీలకు మించి వంగొద్దు, రెండు జాయింట్ల చెవులు ఒకే వరుసల ఉండాలె. మూడో జాయింటు పడితే నడుమ బేరింగ్ ఆసరా ఇయ్యాలె.

బాక్స్‌కు ఆయిల్ నెట్టే పంపును ఇంజన్ బెల్టు తిప్పుతది. ఆ పంపు బ్రాకెట్ పలుచగ ఉంటే డీజిల్ ఇంజన్ ఊపుడుకు చీలుతది, 8 మిల్లీమీటర్ల ప్లేటు వాడి ఇంజన్‌కు కనీసం రెండు చోట్ల కట్టాలె. పుల్లీల మీద స్కేలు ఆనించి చూడు, వరుస తప్పితే బెల్టు అరుస్తది, తర్వాత ఎగిరిపోతది. ప్రెషర్ హోస్ ఆటోనగర్‌ల హైడ్రాలిక్ హోస్‌లు క్రింప్ చేసే దుకాణంల చేయించు, డీజిల్ పైపు పనికిరాదు. ఆ హోస్‌ను వేడెక్కే సైలెన్సర్ మానిఫోల్డ్‌కు ఆననియ్యకు. ఆయిల్ డబ్బా పంపు కన్న ఎత్తుల ఉండాలె. ఏటీఎఫ్, అదే ఆటోమేటిక్ గేర్ల ఆయిల్, పొయ్యి. బ్రేక్ ఆయిల్ చుక్క కూడా పడొద్దు, సీళ్ల రబ్బరు ఉబ్బి పాడైతది.

బాక్స్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గ సగంల ఆపి, చక్రాలు సూటిగ ముందుకు పెట్టి ఆర్మ్ తొడగాలె. బాక్స్ కొసకు తాకకముందే ఇరుసు మీది స్టాప్ బోల్టులు చక్రాన్ని ఆపాలె. ఆయిల్‌ల చిక్కిన గాలి తీసేటప్పుడు ముందు చక్రాలు లేపి, ఇంజన్ బందు పెట్టి ఇరవై సార్లు కొస నుంచి కొసకు తిప్పు, ఆయిల్ పోసుకుంట ఉండు. తర్వాత ఇంజన్ చాలు చేయి. ఆయిల్ నురగ వస్తే ఆగు. కొసకు పట్టి ఐదు సెకన్లకు మించి ఉంచకు, పంపు ఏడుస్తది.

తిరిగిన స్టీరింగ్ తనంతట వెనక్కి రాకుంటే కాస్టర్, అదే కింగ్ పిన్ వాలు, తక్కువైనట్టు. పాత విల్లీస్ జీపు లెక్క 3 డిగ్రీలు, పవర్‌కు ఇంకో డిగ్రీ ఉంటే మంచిది, కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలాలె. కమాన్ కింద వాలు ప్లేట్లు పెడితే ముందు ఇరుసుకు ఇంజన్ బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతది, అదీ చూసుకోమను. కాగితాల సంగతి ముందే ఆర్టీఏ ఆఫీసుల అడుగు. కంపెనీ లెక్కకు తేడాగ బండ్లు మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్‌కూ రాసియ్యి.

బెల్టు తెగితే మాత్రం భయపడకు. పవర్ బాక్స్‌కు చుట్లు తక్కువ, సాయం లేకుంటే పాత బాక్స్ కన్న బరువైతది. మెల్లగ పక్కకు ఆపు. ఒక బెల్టు సీటు కింద పెట్టుకో.

రాయి మీద ముందు చక్రం ఎక్కితే ఆ దెబ్బ డ్రాగ్ లింక్ ఎక్కి బాక్స్‌కు, అక్కడి నుంచి స్టీరింగ్‌కు వస్తది. స్టీరింగ్ గిర్రున తిరిగి కడ్డీ తగులుతది. పాత జీపు నడిపే ఎవరైనా బొటనవేలు స్టీరింగ్ చక్రం లోపల పెట్టరు, బయట అంచు మీదనే ఆనిస్తరు. పవర్ బాక్స్‌ల ఆయిల్ ఆ దెబ్బను కొంత మింగుతది. నువ్వు పవర్ ఎందుకు పెట్టిస్తున్నవో నాకు తెల్వదనుకోకు. స్టీరింగ్ కడ్డీ తగిలితే ఎక్కువగ బొటనవేలు మొదట్ల వాస్తది. నీకు ఎక్కడ వాచింది? ఎక్స్‌రే తీపిచ్చుకున్నవా? కట్టు ఎవరు కట్టిండ్రు? పసుపు పెట్టి ఊరుకున్నవని మీ అమ్మ అంటుంది.

సకినాలు తమ్ముని చేత పంపుతున్న, ఒక్కదానివే తిను, కూలీలకు అన్నీ పంచకు. వేలు నొప్పి తక్కువయ్యేదాక బండి ఎనుమాముల మార్కెట్‌కు నువ్వు తోలకు, ఎవరికన్న ఇయ్యి. జవాబు మాత్రం ఎవరిచేతనో రాపియ్యకు, నీ చేత్తోటే రాయి. అక్షరాలు చూస్తే నాకు తెలుస్తది.

మీ బాపు
హనుమకొండ