మదరసా హాస్టళ్లలో బెత్తం పక్కన పెట్టాలి

సంపాదకులకు,

మదరసా హాస్టల్ అనగానే చాలామందికి కట్టుదిట్టమైన క్రమశిక్షణే గుర్తుకొస్తుంది. అనంతపురంలోని ఒక మదరసాలో రెండేళ్లపాటు సాయంత్రాలు తెలుగు, లెక్కలు చెప్పిన నాకు అక్కడి పిల్లల తర్బియత్ (నడవడిక తీర్చిదిద్దడం) ఎలా జరుగుతుందో దగ్గరగా చూసే అవకాశం దొరికింది.

వానలు అంతంత మాత్రమైన ఈ జిల్లాలో ఆ పిల్లలు చెంబెడు నీళ్లతో వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) ముగించేవారు. ప్రవక్త ముద్ అనే కొలతతో, అంటే లీటరుకు తక్కువ నీటితో వజూ చేసేవారని హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనాల్లో) ఉంది. ఉస్తాద్ (గురువు) ఆ మాట చెప్పి ఊరుకోక, వాళ్ల పక్కనే కూర్చుని తానూ అంతే నీరు వాడేవారు. హిఫ్జ్ చేసే, అంటే ఖురాన్‌ను కంఠస్థం చేసే పిల్లల సంగతి ఇంకా గొప్పది. 30 పారాల (భాగాల) ఖురాన్ కంఠస్థం కావాలంటే కొత్త సబఖ్‌తో (పాఠంతో) పాటు పాతదీ రోజూ ఒప్పజెప్పాలి. అందరిదీ ఉస్తాద్ ఒక్కరే వినలేరు కనుక చిన్నవాడి పాఠాన్ని పెద్దపిల్లవాడు వింటాడు. స్నేహం కొద్దీ ఒక తప్పును వదిలేస్తే అది చిన్నవాడి నాలుక మీద స్థిరపడిపోతుంది. గద్దిస్తే వాడు వచ్చింది కూడా మరచిపోతాడు. నిజాయితీ, ఓర్పు ఒకే చాప మీద అలవడటం నేను కళ్లారా చూశాను.

నాకు తెలిసిన మరో మదరసాలో రిహల్ (ఖురాన్ పెట్టుకుని చదివే పీట) పక్కనే బెత్తం ఉండేది. అక్కడి పిల్లలు తప్పును దాచుకోవడం నేర్చుకున్నారు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది గానీ, 2012 సవరణ మదరసాలను, వేదపాఠశాలలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. అందువల్ల ఈ బాధ్యత ముందుగా మదరసా కమిటీలదే. పదేళ్లు తాను సేవ చేసినా ప్రవక్త ఒక్కసారి కూడా తనను విసుగుతో ‘ఉఫ్’ అనలేదని ప్రవక్త సహచరుడు అనస్ చెప్పిన మాట అక్కడ పాఠం చెప్పే ప్రతి ఆలిమ్‌కూ (మతపండితుడికీ) తెలిసిందే.

రాత్రింబవళ్లు అంతమంది పిల్లలను కనిపెట్టుకుని ఉండే ఉస్తాద్‌కు విసుగు రావడం సహజం; చేతికొచ్చే జీతమూ చాలీచాలనిదే. కనుక ఆయనకు రాత్రిపూట తోడుగా మరొకరిని నియమించడం, జీతం పెంచడం కూడా కమిటీలు తమ పనిగానే భావించాలి. రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెలలో కొత్త ప్రవేశాలు జరిగేటప్పుడు, పిల్లలను కొట్టబోమన్న హామీని దరఖాస్తులోనే రాసి తల్లిదండ్రుల చేతికివ్వాలని, తల్లిదండ్రులు కూడా దాన్ని అడిగి తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం