పాలు పట్టే ముందే గొట్టం స్థానం తెలియాలి

సంపాదకులకు నమస్కారాలు.

కృత్రిమ మేధ ఎక్స్-రేలను చదువుతోందన్న వార్తలు ఈ మధ్య తరచుగా చూస్తున్నాం. వాటిలో ఎక్కువ భాగం క్షయనో, కేన్సర్‌నో ముందుగా పసిగట్టడం గురించే. రోగి ఒంట్లోకి మనమే దించిన గొట్టం చేరవలసిన చోటికే చేరిందా లేదా అని చూసే పని గురించి మాత్రం పెద్దగా చర్చ లేదు. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో, ఐసీయూల్లో నర్సుగా పనిచేశాను. మన ఆసుపత్రుల్లో ఈ సాంకేతికతకు మొట్టమొదట అప్పగించవలసిన పని అదేనని నా నమ్మకం.

చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను రాత్రి డ్యూటీలో ఉండగా, పక్షవాతంతో చేరిన ఒక పెద్దాయన ముక్కులోని రైల్స్ ట్యూబును, అంటే ముక్కు గుండా పొట్టలోకి ఆహారం పంపే గొట్టాన్ని, లాగేసుకున్నారు. డ్యూటీ డాక్టరు కొత్తది వేశారు. అది పొట్టలోకే చేరిందా అని చూడడానికి సిరంజితో గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోపు ఆనించి విన్నాం. గుడగుడమని శబ్దం వినిపించింది. పోర్టబుల్ ఎక్స్-రే కూడా తీయించాం కానీ, దాన్ని చదివే రేడియాలజిస్టు ఉదయం తొమ్మిదికి గానీ రారు. ఆ పెద్దాయనకు సుగర్ ఉంది, సాయంత్రం ఇన్సులిన్ ఇచ్చి ఉన్నాం, కడుపు ఖాళీ. కొడుకు రెండుసార్లు వచ్చి "సిస్టర్, నాన్నకి పాలు ఎప్పుడు పడతారు?" అని అడిగాడు. పాలు పట్టింది నా చేతులే. పావుగంట తిరక్కుండా దగ్గు అందుకుంది, ఆక్సిజన్ పడిపోయింది. పొద్దున వ్యూ బాక్సు మీద ఫిల్ము పెట్టి చూస్తే, గుండె వెనుక నుంచి నిలువుగా దిగవలసిన సన్నని తెల్లగీత మధ్యలోనే కుడివైపు తిరిగి ఊపిరితిత్తిలోకి పోయి ఉంది. అంత స్పష్టంగా ఉన్నది ఎవరు చూసినా కనిపించేది. పదకొండో రోజున ఆయన కన్నుమూశారు. ఆ ఫిల్ము రాత్రంతా కవరులోనే ఉంది.

గాలి శబ్దాన్ని నమ్మడానికి వీల్లేదు, ఎందుకంటే గొట్టం ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం పొట్ట మీద వినిపించగలదు. ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో దారి తప్పిన గొట్టం గుండా ఆహారం పట్టడాన్ని 2009 నుంచి ఎన్నటికీ జరగకూడని తప్పుల జాబితాలో చేర్చారు. అక్కడ గొట్టం నుంచి పైకి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; తక్కువగా ఉంటే పొట్టలోని ఆమ్లమని గుర్తు) 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, లేదంటే ఎక్స్-రే చూసి నిర్ధారించాలి. ఎసిడిటీ మందులు వాడుతున్న రోగుల్లో పీహెచ్ పరీక్ష ఒక్కోసారి తేలదు కాబట్టి చివరికి ఎక్స్-రేయే దిక్కవుతుంది.

వెంటిలేటర్ గొట్టం సంగతీ అలాంటిదే. పెద్దవారిలో దాని కొన, శ్వాసనాళం రెండుగా చీలే చోటుకు సుమారు 5 సెంటీమీటర్ల పైన ఉండాలి. తల వంచినా, వెనక్కి వాల్చినా అది దాదాపు 2 సెంటీమీటర్లు కదులుతుంది. మరీ కిందికి జారితే నిటారుగా ఉండే కుడి శాఖలోకి పోతుంది, గాలి అందక ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది.

ఈ దూరాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది. జీఈ హెల్త్‌కేర్ కంపెనీ 2020లో దాన్ని పోర్టబుల్ ఎక్స్-రే యంత్రంలోనే అమర్చింది. ముంబైకి చెందిన క్యూర్ డాట్ ఏఐ తయారు చేసిన సాఫ్ట్‌వేర్‌కు 2021లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అయితే ఆ అనుమతి శ్వాసగొట్టానికి, అంటే వెంటిలేటర్ గొట్టం లాంటిదానికి. దాన్ని చూపించి రైల్స్ ట్యూబుకూ, సెంట్రల్ లైనుకూ (పెద్ద సిరలోకి దించే గొట్టం) పనికొస్తుందని ఎవరైనా అమ్మజూపితే ఆసుపత్రులు ఒప్పుకోకూడదు. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నిబంధనల కిందికే వస్తుంది కాబట్టి, ఏ గొట్టానికి అనుమతి ఉందో కాగితం చూసి మరీ కొనాలి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేడియాలజిస్టుల వృత్తిసంస్థ నిర్వహించి, 2021లో ముగించిన కృత్రిమ మేధ పోటీలో దాదాపు 30 వేల ఛాతీ ఎక్స్-రేల మీద గొట్టాల స్థానాన్ని గుర్తించి ఇచ్చారు. అందులో నాకు నచ్చిన విషయం, రైల్స్ ట్యూబు కొన ఫిల్ములో పూర్తిగా పడని సందర్భాన్ని విడిగా గుర్తించడం. "కొన కనబడలేదు" అని యంత్రం అప్పటికప్పుడే చెబితే, టెక్నీషియన్ మంచం పక్కనుంచి కదలక ముందే, ఎక్స్-రే క్యాసెట్‌ను కాస్త కిందికి జరిపి మళ్లీ తీయవచ్చు. కానీ ఆ చిత్రాలు అమెరికాలో సేకరించినవి. మన ఐసీయూలో ఈసీజీ తీగలు, ఆక్సిజన్ పైపు, ఒక్కోసారి రోగి మెడలోని తాయెత్తు కూడా ఫిల్ములో పడతాయి. మన ఫిల్ముల మీద, మన రేడియాలజిస్టుల నిర్ధారణతో పోల్చి పరీక్షించకుండా ఏ యంత్రాన్నీ వార్డులోకి తేకూడదు.

అంతకన్నా ముఖ్యం, దాని మాటను ఎంతవరకు తీసుకోవాలన్నది. తప్పు చోట ఉందని యంత్రం అంటే వెంటనే ఆపాలి. పాలూ వద్దు, మందూ వద్దు, డాక్టరు వచ్చి చూడాలి. సరైన చోటే ఉందని అంటే మాత్రం అది అనుమతి కాకూడదు. శిక్షణ పొందిన డాక్టరు ఆ బొమ్మను స్వయంగా చూసి, సమయం వేసి సంతకం చేసిన తరువాతే నర్సు సిరంజి పట్టుకోవాలి. ఈ తేడా పాటించకపోతే, ఒకప్పుడు గుడగుడ శబ్దాన్ని నమ్మినట్టే రేపు తెరమీది పచ్చగుర్తును నమ్ముతాం.

రాత్రంతా రేడియాలజిస్టు అందుబాటులో ఉండే పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల కంటే ఏరియా ఆసుపత్రులకూ, జిల్లా ఆసుపత్రులకూ దీని అవసరం ఎక్కువ. యంత్రాలు కొనడానికి సమయం పడుతుందని నాకు తెలుసు. అప్పటిదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స చేసే ప్రతి ఆసుపత్రిలోనూ కేసు షీటులో రెండు గడులు తప్పనిసరి చేయాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను: గొట్టం స్థానాన్ని ఎక్స్-రేలో చూసినవారి సంతకం ఒకటి, చూసిన సమయం మరొకటి. ఆ గడులు ఖాళీగా ఉన్నంతసేపూ పాలు పట్టనని చెప్పే హక్కు నర్సుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఏలూరు