ఆర్థర్ ఆష్ పుస్తకం చదివి ఉత్తరాలు రాసినవాళ్లకు, పరదాలు కట్టినవాళ్లకు

అమెరికా టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్ ఆత్మకథ ‘డేస్ ఆఫ్ గ్రేస్’ చదివి తిరుపతి, చిత్తూరు, పలమనేరు నుంచి ఉత్తరాలు రాసిన అందరికీ నమస్కారాలు. మెచ్చుకున్నవాళ్లకంటే తప్పు పట్టినవాళ్లకు ఒక నమస్కారం ఎక్కువే.

మొదట మా పుస్తక చర్చ, రక్తదాన శిబిరం కరపత్రంలో తప్పు. 1979 గుండె ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తంతో ఆయనకు హెచ్ఐవి సోకిందని అచ్చేశాం. కాదు, 1983లో రెండో ఆపరేషన్ తర్వాత ఎక్కించిన రక్తమే కారణమన్నది ఆయన నమ్మకం. రక్తాన్ని హెచ్ఐవికి పరీక్షించే కిట్‌కు అమెరికాలో అనుమతి వచ్చిందే 1985 మార్చిలో. మన దగ్గర ఆ పరీక్ష తప్పనిసరి అయింది 1989లో. తేదీలన్నీ వరసగా రాసి పంపిన రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ గారికి రుణపడి ఉన్నాం. కొత్త కరపత్రంలో సరిచేశాం.

ఎక్కువమంది ఆయన గెలిచిన 1975 వింబుల్డన్ గురించి రాస్తారనుకున్నాం. రాసింది 1992 ఏప్రిల్ 8 గురించి. జబ్బు సంగతి 1988లోనే తెలిసినా దగ్గరివాళ్లకే చెప్పుకున్న మనిషి, ఒక పత్రిక ఆరా తీయడంతో ఆరోజు విలేకరుల ముందుకు రావాల్సి వచ్చింది. పేరున్న మనిషి ముందే చెప్పాల్సిందని కొందరన్నారు. మేం ఒప్పుకోం. ఒంటి జబ్బు ఎవరితో చెప్పుకోవాలో ఆ ఒంటివాళ్ల ఇష్టం. మన 2017 హెచ్ఐవి చట్టం కూడా ఇంచుమించు అదే అంటుంది.

చిత్తూరు టీచరమ్మ ఉత్తరం మాత్రం మమ్మల్నే నిలదీసింది. పుస్తక చర్చ రోజున మీరు పెట్టే రక్తదాన శిబిరంలో ఫారం ప్రశ్నలు క్యూలోనే, పదిమంది వినేలా అడుగుతారు కదా, ఆ పత్రికకూ మీకూ తేడా ఏంటని. నిజమే. కామెర్లు, మందులు, పచ్చబొట్లు, లైంగిక సంబంధాలు... వెనకాల హాస్టల్ రూమ్మేటు నిలబడి ఉంటే ఎవరు ‘అవును’ అంటారు? అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టి చెయ్యి చాపుతారు. కొత్తగా సోకిన రోజుల్లో వైరస్ రక్తంలో ఉన్నా పరీక్షకు దొరకదు. వైరస్‌నే నేరుగా వెతికే న్యాట్ పరీక్ష ఆ వ్యవధిని తగ్గిస్తుందే గానీ పూర్తిగా తీసెయ్యదు. అందుకే దాత చెప్పే నిజమే మొదటి పరీక్ష.

ఈసారి ప్రశ్నల బల్లను పేర్లు రాసే చోటుకు దూరంగా, హాలు మూలకు జరిపాం. కుర్చీ గోడవైపు తిప్పి, మూడు పక్కలా పరదా కట్టాం. ఒక్కొక్కరే లోపలికి. ఫారం బ్లడ్ బ్యాంకు కౌన్సిలర్ చేతికే, మా వాలంటీర్లెవరూ ముట్టుకోలేదు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు లేకనో, బరువు 45 కిలోలు లేకనో, మరో కారణంతోనో వెనక్కి పంపినవాళ్లకు కూడా అదే బిస్కెట్ ప్యాకెట్, అదే జ్యూసు, అదే దారి. ఉత్త చేతులతో పంపితే అదే ఒక చాటింపు! ఇది కూడా ఒక ఉత్తరంలోదే, మా బుర్రకు తట్టింది కాదు.

శిబిరం శనివారం వద్దు, ఆదివారం పెట్టండి అన్న బైరాగిపట్టెడ అక్కకు దండాలు. మన ఊళ్లో శనివారం ఒక్కపొద్దు ఉండే ఇళ్లు ఎన్నో. ఖాళీ కడుపుతో రక్తమిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. తిని రావాలి, ఇచ్చే ముందు అర లీటరు నీళ్లు తాగాలి. ఇచ్చినరోజు అలిపిరి మెట్లెక్కే మొక్కు ఉంటే ఇంకోరోజుకు మార్చుకోండి, స్వామి ఏమీ అనుకోడు. మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి.

పరదాలు బాడుగ లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ అన్నా, ఉతికించి మడత పెట్టాం, వచ్చి తీసుకెళ్లు. తాడు మాత్రం ఒకటి కనపడలేదు. కొత్తది కొనిస్తాం.