చీనీ తొక్క, ఖర్జూరం ఉండలు: పాపకు అమ్మ ఉత్తరం

చిరంజీవి పాపకు అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఫోన్లో చెప్పొచ్చు కదమ్మా, ఉత్తరం ఎందుకు అంటావేమో. ఫోన్లో నేను కొలతలు చెప్తే నువ్వు "ఊఁ, సరే" అంటావు, పెట్టేశాక మర్చిపోతావు. కాగితం మీద ఉంటే నీ పెట్టె మూతకు లోపలివైపు అతికించుకోవచ్చు. అంగన్‌వాడీ సెంటర్ నుంచి వచ్చి వంట చేసి, మీ నాయన తోటకు నీళ్లు కట్టడానికి పోయాక కూర్చుని రాస్తున్నా.

మొన్న గ్రౌండ్‌లో పరిగెత్తుతా కళ్లు తిరిగి కూర్చుండిపోయానని చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఏం తిని పోయినావు అంటే "ఏం లేదమ్మా, నీళ్లు తాగి పోయినా" అన్నావు. రాత్రి ఎనిమిదికి హాస్టల్‌లో తిన్న రెండు చపాతీలు, మళ్లీ తెల్లారి ఐదున్నరకు 1600 మీటర్ల పరుగు. నడుమ తొమ్మిదిన్నర గంటలు కడుపు ఖాళీ. రాత్రంతా నువ్వు నిద్రపోతున్నా ఒళ్లు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, కాలేయంలో దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా వాడుకుంటూనే ఉంటుంది. తెల్లారేసరికి ఆ నిల్వ తగ్గిపోయి ఉంటుంది. దాని మీద పరుగు పెడితే కళ్లు తిరగవా? కానిస్టేబుల్ కావాలన్న నీ పట్టుదల నాకు తెలుసు. నువ్వు తినకుండా పోతే ఆ పట్టుదలకు ఆసరా ఎవరిస్తారు చెప్పు?

తర్వాత దుకాణంలో ఏదో ఎనర్జీ బార్ కొనుక్కుని తింటున్నానని ఫోటో పంపావు కదా. అట్ట మీద కమలాపండు బొమ్మ చూసి సంతోషపడ్డా. వెనకవైపు ఫోటో కూడా పంపమన్నాను, గుర్తుందా? అట్ట మీద పదార్థాల పేర్లు ఎక్కువ బరువు ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరుసలో రాస్తారు. ఇది మా ట్రైనింగ్‌లో చెప్పారు. నీ బార్‌లో మొదటి పేరే చక్కెర, రెండోది గ్లూకోజ్ సిరప్. కమలాపండు ఎక్కడా లేదు, చివర్లో "ఆరెంజ్ ఫ్లేవర్" అని మాత్రం ఉంది. మన ఇంటి చుట్టూ నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట పెట్టుకుని, నా బిడ్డ బొమ్మ పండుకు డబ్బులు పెడుతోందే అని చాలా బాధ అనిపించింది. అప్పుడు మొదలుపెట్టాను ఈ ఉండల పని.

మొదటిసారి కుదరలేదు. బెల్లం పాకం పట్టి, అది ఉండ పాకానికి వచ్చాక చీనీ రసం గ్లాసెడు పోసేశాను. వేయించిన చెనిగింజలు (వేరుశెనగ), నువ్వులు వేసి కలిపి పళ్లెంలో పరిచాను. తెల్లారి చూస్తే గట్టిపడనే లేదు, పళ్లేనికి అంటుకుపోయింది. నీ తమ్ముడు చెంచాతో గీరుకుని తిన్నాడు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. పాకం కాచేదే అందులో నీళ్లు పోవాలని. అయిపోయాక మళ్లీ రసం పోస్తే ఆ నీళ్లు తిరిగి వచ్చినట్టే. పైగా పుల్లటిది పడితే తీపి గడ్డకట్టదు. జిలేబీ పాకంలో నిమ్మరసం పిండేది అందుకే కదా, పలుకు కట్టకుండా ఉండాలని. అచ్చులు కావాల్సినచోట అదే మనకు అడ్డం.

రెండోసారి రసం మానేసి తొక్క తురిమాను. వాసన ఇల్లంతా నిండింది. కానీ మర్నాటికి చేదెక్కింది. తురుము పీట మీద గట్టిగా అదిమి, కింద తెల్లటి పొర కూడా గీకేశాను. ఆ చేదంతా దాందే.

నీకు గుర్తుందా, చిన్నప్పుడు రాత్రి కరెంటు పోతే దీపం పెట్టుకుని, చీనీ తొక్కను మడిచి మంట దగ్గర పిండేదానివి. చిటపట మెరుపులు వచ్చేవి. "అమ్మా, ఇంకో తొక్క" అని అడిగేదానివి. ఆ మెరుపు తొక్కలోని నూనెది. పైన పసుపుపచ్చగా, ఆకుపచ్చగా కనిపించే పలుచని పొరలో సన్నసన్న గుంటలు ఉంటాయి చూడు, నూనె వాటిల్లో ఉంటుంది. వాసనంతా అక్కడే. మనకు కావాల్సింది ఆ పొర ఒక్కటే. తురుము పీట మీద కాయను మెల్లగా తాకించి, ఒకచోట రెండు రుద్దులు కాగానే కాయను తిప్పాలి. తెలుపు కనిపించిందంటే ఇక అక్కడ ఆపెయ్. పీట వెనక పచ్చటి తడి పొడి పేరుకుంటుంది, వేళ్లు నూనెతో జిగటగా అవుతాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లలోకి ఎక్కేంత వాసన. అలా వస్తే సరిగ్గా తురిమినట్టు.

తొక్క తినేటప్పుడు ఏ కాయ అన్నది కూడా చూసుకోవాలి. ఆ బావి దగ్గరి నాలుగు చెట్లకు మీ నాయన మందు కొట్టడు, అవి ఇంటికని వదిలేశాడు. నేను తురిమింది వాటి కాయలే. నువ్వు అక్కడ కొనే నిగనిగలాడే కాయలకు మైనం పూత ఉంటుంది, తొక్క వాడొద్దు. అంతగా కావాలంటే నిమ్మకాయలు కొనుక్కో, గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు వేసి బాగా రుద్ది కడిగి తురుముకో. పలుచటి తొక్కది, ఆకుపచ్చగా గట్టిగా ఉన్నది తీసుకుంటే వాసన ఎక్కువ.

మన తోటలో ఈసారి మంగు కాయలు ఎక్కువే. నల్లి గీకి తొక్క ఇటుకరంగుకు తిరిగిందని వ్యాపారి రేటు తగ్గించేశాడు. లోపల రసం మాత్రం ఎప్పటిలాగే తీపి. ఆ కాయలు పక్కన పెట్టి పంపిస్తున్నా, నీకూ నీ రూమ్‌మేట్‌కూ రసానికి పనికొస్తాయి. వాటి తొక్క మాత్రం తురమొద్దు. ఆ నల్గొండ పిల్ల వీటిని బత్తాయి అంటుందన్నావు కదా, వాళ్ల జిల్లాలో కూడా ఇవే తోటలు. పేరు వేరైనా పండు ఒకటే, ఇద్దరూ కలిసి తినండి.

మూడోసారికి కుదిరిన కొలత రాస్తున్నా.

మెత్తటి ఖర్జూరాలు గింజ తీశాక పావుకిలోకు కొంచెం తక్కువ, అంటే 200 గ్రాములు. వేయించి పొట్టు తీసిన చెనిగింజలు 100 గ్రాములు. నువ్వులు 50 గ్రాములు, చిటపటలాడి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించినవి. రెండు కాయల తొక్క తురుము, చిటికెడు ఉప్పు. ఉప్పు వేయకుండా చేస్తే తీపి ఒక్కటే తెలుస్తుంది, వేస్తే పులుపు వాసన పైకి వస్తుంది. హాస్టల్‌లో స్టవ్ పెట్టనివ్వరు కాబట్టి చెనిగింజలు, నువ్వులు ఇక్కడే వేయించి, బరకగా దంచి, తొక్క తురుముతోపాటు డబ్బాలో పంపిస్తున్నా. మరీ మెత్తగా దంచితే నూనె వదిలి ముద్దగా అవుతుంది, నోటికి ఒక పలుకు తగిలితేనే తిన్నట్టుంటుంది. నువ్వు చేయాల్సిందల్లా ఖర్జూరాలను చిన్న రోట్లో మెదిపి, పొడి, తురుము కలిపి, చిన్న నిమ్మకాయంత ఉండలు కట్టడం. పద్దెనిమిది ఉండలు వస్తాయి. లెక్క కట్టాను, ఒక్కో ఉండకు దాదాపు 80 కేలరీలు. బెల్లం, చక్కెర అక్కర్లేదు, ఖర్జూరం తీపి చాలు. పాకం లేదు కాబట్టి అంటుకుపోయే బాధ కూడా లేదు.

ఈ ఉండల్లో రసం పిండొద్దు. తడి తగిలితే నాలుగు రోజుల్లో బూజు పట్టొచ్చు. తొక్క తురుముతో చేసినవి, చేతులు పొడిగా పెట్టుకుని తీస్తే పది రోజులు బయట నిలుస్తాయి. డబ్బా స్టీలుదే వాడు. పుల్లటివి అల్యూమినియం గిన్నెలో, కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెట్టొద్దు, లోహం రుచి దిగుతుంది.

ఇంకో సంగతి. తొక్కలో వాసన ఉంది కానీ, ఉండలో వేసే చిటికెడుతో విటమిన్ సి పెద్దగా రాదు. దానికి పండు తినాల్సిందే. 100 గ్రాముల చీనీ తొనల్లో సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వులు, చెనిగింజల్లో ఐరన్ ఉంది, కానీ గింజల్లోని ఐరన్‌ను ఒళ్లు అంత సులువుగా పట్టుకోదు. పక్కన పులుపు పండు ఉంటే బాగా పట్టుకుంటుంది. మా సెంటర్‌కు వచ్చే గర్భిణులకు నేను రోజూ చెప్పే మాటే ఇది. చిక్కీ ఇచ్చేటప్పుడు, ఎండు ఖర్జూరం ఇచ్చేటప్పుడు, దాంతోపాటు నిమ్మకాయ నీళ్లు తాగండమ్మా, టీ మాత్రం గంట ఆగి తాగండి అంటాను. ఊళ్లో అందరికీ చెప్పినదాన్ని, సొంత బిడ్డకు చెప్పలేదే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెలసరి రోజుల్లో నువ్వు ఎంత నీరసపడతావో నాకు తెలుసు. ఉండ తిన్నాక టీ తాగొద్దు, పండు తిను.

ఎప్పుడు తినాలంటే, గ్రౌండ్‌కు పోయే ముప్పావు గంట ముందు ఒక ఉండ, ఒక గ్లాసు నీళ్లు. ఒకటి కంటే ఎక్కువ వద్దు, చెనిగింజల నూనె అరగడానికి టైమ్ పడుతుంది, పరిగెత్తేటప్పుడు కడుపులో బరువుగా ఉంటుంది. పరుగు అయ్యాక పది నిమిషాలు నడిచి, అప్పుడు రెండు ఉండలు, ఒక చీనీ. చెమట బాగా పోసిన రోజు నిమ్మకాయ నీళ్లలో ఉప్పు, కొంచెం బెల్లం వేసుకో. చీనీ రసం తీస్తే అప్పటికప్పుడే తాగేయాలి, గంట ఉంచితే చేదెక్కుతుంది. అందుకే బాటిల్‌లో పోసుకుని క్లాసుకు తీసుకుపోవద్దు, కాయే తీసుకుపో. పులుపు తిన్నాక నోరు పుక్కిలించు, పళ్లు పులకుండా ఉంటాయి.

మొన్న నీ సైన్స్ నోట్స్‌లో ఏటీపీ గురించి చదివి వినిపించావు చూడు, కండ కదలాలంటే అదే కావాలని. దాన్ని 1929లో అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనుక్కున్న ఎల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలోనే పుట్టాడని నువ్వు చెప్పినప్పుడు మీ నాయన చాలాసేపు దాని గురించే మాట్లాడాడు. మన తిండి లోపలికి పోయి కాళ్లలో పరుగు ఎలా అవుతుందో ఒక తెలుగువాడు కనిపెట్టాడా అని. తర్వాత "అయితే పాపకు తిండి సరిగ్గా పోతోందా" అని నన్నడిగాడు. నువ్వు కళ్లు తిరిగిన సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పు, నేను దాచలేను.

ఈ తోట గురించి మీ నాయన నీకు ఎక్కువ చెప్పడు. బోరు ఎండిన ఏడాది, నువ్వు ఆరో తరగతిలో ఉన్నావు, ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోశాడు. అయినా సగం చెట్లు ఎండిపోయాయి. మిగిలిన చెట్టు చెట్టుకూ చేత్తో మట్టి ఎత్తి పాదు చేశాడు. బావి దగ్గరి నాలుగు చెట్లు ఆ ఏడాది మిగిలినవే. నీ డబ్బాలో ఉన్న తురుము వాటి కాయలదే, ఆ సంగతి నీకు తెలియాలని రాశాను. పారేయకుండా తింటావని నాకు నమ్మకం.

ఒలిచిన తొక్కలు కూడా నేను పారేయట్లేదు. సన్నగా చీల్చి, నీళ్లలో మూడుసార్లు ఉడికించి, ప్రతిసారీ ఆ నీళ్లు పారబోస్తే చేదు పోతుంది. తర్వాత బెల్లం పాకంలో నానబెట్టి, నీడలో ఆరబెడుతున్నా. ఇవి పొడవుగా, మెత్తగా, అంబర్ రంగుకు వచ్చాయి. మీ అవ్వ రెండు నోట్లో వేసుకుని "పాపకు పంపు, ఇక్కడ వద్దు" అంది. బొరుగులు, పుట్నాల పప్పులతో కలిపి పొట్లం కట్టాను. కోచింగ్‌లో రెండు క్లాసుల మధ్య గుప్పెడు నోట్లో వేసుకో, ఆ క్యాంటీన్ పఫ్‌లు మానెయ్.

శనివారం రాత్రి బస్సుకు పార్శిల్ వేస్తాను, ఆదివారం పొద్దున్నే పోయి తెచ్చుకో. పైన చీనీకాయలు, కింద స్టీలు డబ్బా, దాని పక్కన నీ పాత హార్లిక్స్ సీసాలో తొక్కల పొట్లం. సీసా పగలకుండా మీ నాయన పాత తువ్వాలు చుట్టాను, ఆ తువ్వాలు ఉంచుకో, గ్రౌండ్‌లో పనికొస్తుంది. డబ్బా మాత్రం ఖాళీ కాగానే కడిగి, ఎండలో ఆరబెట్టి, మూత బిగించకుండా తిరుగు బస్సుకు పంపు. వచ్చే వారం మళ్లీ నింపాలి.

ఆదివారం ఉండలు కట్టాక ఫోన్ చెయ్. పద్దెనిమిది వచ్చాయో లేదో చెప్పు.

మీ అమ్మ