హ్యాండోవర్ కాగితం మీది లెక్క కాదు: పేటెంట్ పరిశీలన ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. వైర్‌లెస్ హ్యాండోవర్ (కాల్ నడుస్తుండగానే ఫోను ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు మారడం) పేటెంటు దరఖాస్తుల మీద వస్తున్న అభ్యంతరాల గురించి ఇదివరకు పంపిన వినతులకు జవాబు రాలేదు. అందినట్టు రసీదులు మాత్రం వచ్చాయి, అందుకు కృతజ్ఞతలు. ఇక నలుగురూ చదివేలా రాయడం తప్ప వేరే దారి కనబడక ఇలా రాస్తున్నాం. అల్గారిథంలకు పేటెంటు ఇవ్వకూడదనే సెక్షన్ 3(కె) అంటే ఏమిటో, మొదటి పరిశీలన నివేదిక అయిన ఎఫ్‌ఈఆర్ అంటే ఏమిటో మీకు చెప్పే సాహసం చేయం. హ్యాండోవర్ అంటే ఏమిటో మాత్రం చెప్పక తప్పేలా లేదు. పరిశీలన నివేదికల్లో అదొక్కటే ఎక్కడా కనబడటం లేదు.

కొలవడం, పోల్చడం, నిర్ణయించడం. ఈ మూడు మాటలు క్లెయిమ్‌లో (దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యంలో) కనబడితే చాలు, నివేదికలో అలవాటైన పేరా దిగిపోతుంది: ఇవి వరుసగా రాసిన సూచనలే, అల్గారిథం కిందికి వస్తాయి, 3(కె) ప్రకారం పేటెంటుకు పనికిరావు. పక్క దరఖాస్తుకూ అదే పేరా. క్లెయిమ్ నంబర్లు మారతాయి, ఒక్కోసారి అవీ మారవు. 12 క్లెయిములున్న దరఖాస్తులో 15వ క్లెయిమ్ మీద అభ్యంతరానికి ఏం జవాబు రాయాలో మీరే సెలవివ్వాలి.

ఒక్క క్లెయిమ్‌ను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఎల్‌టీఈలో, అంటే 4జీలో, ఫోను పక్క సెల్‌కు మారడానికి మామూలుగా వాడేది ఏ3 ఈవెంట్ అనే షరతు. ఆఫ్‌సెట్ (పక్క సెల్ ఎంత మించాలి) 3 డీబీ, హిస్టరిసిస్ (ఊగిసలాట లేకుండా దానికి కలిపే అదనం) 1 డీబీ, టైమ్ టు ట్రిగ్గర్ (ఎంతసేపు మించి ఉండాలి) 640 మిల్లీసెకన్లు అనుకోండి. పక్క సెల్ సిగ్నల్ ఇప్పుడున్న సెల్ కన్నా 4 డీబీకి మించి బలంగా, 640 మిల్లీసెకన్ల పాటు ఏకధాటిగా నిలిస్తేనే ఫోను మెజర్‌మెంట్ రిపోర్ట్ పంపుతుంది. అది అందాక సోర్స్ (ఇప్పుడున్న) బేస్ స్టేషన్ టార్గెట్‌ను (మారబోయే స్టేషన్‌ను) అడగాలి. టార్గెట్ తన దగ్గర చోటుందో లేదో చూసుకుని ఒప్పుకోవాలి. హ్యాండోవర్ కమాండ్ మళ్లీ సోర్స్ గుండానే ఫోనుకు రావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు సెల్స్ ఒకే ఫ్రీక్వెన్సీలో నడుస్తుంటే, సరిగ్గా ఆ కమాండ్ రావలసిన వేళకు పక్క సెల్ 4 డీబీ ఎక్కువ గట్టిగా అరుస్తూ ఉంటుంది.

గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ 640 మిల్లీసెకన్లలో 21 మీటర్లు దాటేస్తుంది. ఒక పెద్ద భవనం పక్కకు తిరగడానికి ఆ దూరం చాలు. పాత సెల్ సిగ్నల్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది, కమాండ్ ఫోను చెవిన పడదు. సింక్ తప్పిందన్న సూచన ఎన్310 అనే హద్దులో పెట్టినన్ని సార్లు వరుసగా రాగానే టీ310 టైమర్ మొదలవుతుంది. ఈలోగా సింక్ తిరిగి రాకుండానే అది ముగిసిందా, రేడియో లింక్ ఫెయిల్యూర్. మాట్లాడుతున్నవాడి మాట మధ్యలోనే తెగుతుంది. పోనీ టైమ్ టు ట్రిగ్గర్ ఎప్పుడూ తక్కువే పెడదామంటే, సిగ్నల్ కాస్త ఊగినప్పుడల్లా ఫోను రెండు సెల్స్ మధ్య పింగ్‌పాంగ్ ఆడుతుంది. ప్రతి గెంతుకూ సిగ్నలింగ్ ఖర్చు, ప్రతి గెంతుకూ డేటాలో చిన్న తెగుడు.

ఇప్పుడు క్లెయిమ్ ఇదనుకోండి: పాత సెల్ ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) ఎంత వేగంగా పడిపోతోందో ఫోను కొలుస్తుంది. ఆ వేగం ఒక హద్దు దాటితే, ఆ ఒక్క సందర్భానికి మాత్రం టైమ్ టు ట్రిగ్గర్‌ను 640 నుంచి 160 మిల్లీసెకన్లకు దించుతుంది. ఇందులో లెక్క ఉందా అంటే ఉంది. తీసివేత ఉంది, పోలిక ఉంది. దాని ఫలితం మాత్రం కాగితం మీది అంకె కాదు. అదే 120 వేగంలో రిపోర్ట్ దాదాపు 16 మీటర్లు ముందుగా బయల్దేరుతుంది, పాత సెల్ ఇంకా వినబడుతుండగానే కమాండ్ చేరుతుంది, కాల్ నిలబడుతుంది. సాంకేతిక ఫలితం అంటే ఇది కాకపోతే మరేమిటో దయచేసి ఒక ఉదాహరణతో చెప్పండి.

ఈ క్లెయిమ్‌ను నిజంగా కొట్టేయాలనుకునే పరిశీలకుడికి ఆయుధం ప్రమాణంలోనే ఉంది. 4జీ ప్రమాణ పత్రం టీఎస్ 36.331 లో వేగాన్ని బట్టి టైమ్ టు ట్రిగ్గర్‌ను తగ్గించే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. గుణకాలు 0.25, 0.5, 0.75, 1. 640ని 0.25తో గుణిస్తే వచ్చేది సరిగ్గా 160! అది చూపించి, కొత్తదనమేముంది అని అడిగితే మాకు చెమటలు పడతాయి, పట్టాలి కూడా. అప్పుడు మేం చెప్పుకోవలసింది ఇది: పాత పద్ధతి ఫోను వేగాన్ని, గడిచిన 30 నుంచి 240 సెకన్లలో ఎన్ని సెల్స్ మారిందో లెక్కపెట్టి అంచనా వేస్తుంది. మలుపు తిరుగుతున్న బండి ఆ వ్యవధిలో ఒక్క సెల్ కూడా మారి ఉండకపోవచ్చు, కాబట్టి పాత పద్ధతికి అది కదలని ఫోనే. మా పద్ధతి గతాన్ని చూడదు, ఈ క్షణంలో పడిపోతున్న సిగ్నల్‌ను చూస్తుంది. ఈ వాదన నిలుస్తుందా లేదా అన్నది తర్వాతి మాట. కనీసం అది హ్యాండోవర్ గురించిన వాదన. అల్గారిథం అనే ఒక్క మాటతో మీ పరిశీలకులు తప్పించుకుంటున్నది ఈ వాదననే.

దీని బదులు డీ1 గా, అంటే ఇది పాతదేనని చూపే మొదటి పత్రంగా, ఏం వస్తుందో చూడండి. ఐడిల్ మోడ్‌లో (కాల్, డేటా ఏవీ నడవనప్పుడు) ఫోను తనంతట తాను సెల్ మార్చుకునే సెల్ రీసెలక్షన్ పత్రం. అందులోనూ హిస్టరిసిస్ ఉంటుంది, టైమర్ ఉంటుంది, పక్క సెల్ ఉంటుంది. మాటలు కలిశాయి కదా అని పట్టికలో అడ్డంగా పెట్టి, క్లెయిమ్ 1 మొత్తం ఇందులోనే ఉందంటారు. బోడిగుండుకూ మోకాలికీ ముడి వేయడమంటే ఇదే. ఐడిల్‌లో ఉన్న ఫోనుకు నడుస్తున్న డేటా లేదు, టార్గెట్‌కు చేరవేయాల్సిన కాంటెక్స్ట్ (కనెక్షన్ వివరాలు) లేదు, దారిలో పోగొట్టుకోవడానికి కమాండే లేదు. అక్కడ తప్పు సెల్‌ను పట్టుకుంటే ఫోను తీరిగ్గా ఇంకోటి వెతుక్కుంటుంది. కండిషనల్ హ్యాండోవర్‌లో (ముందే ఇచ్చిన షరతు నెరవేరగానే మారే పద్ధతిలో) అమలు క్షణాన్ని ఫోనే ఎంచుకుంటుంది కాబట్టి అక్కడ పొరపాటు పడటం సహజమేనని ఒప్పుకుంటాం. అయినా అక్కడ కూడా టార్గెట్ సెల్ ముందే సిద్ధమై, తన కాన్ఫిగరేషన్ పంపి, ఎదురుచూస్తూ ఉంటుంది. రీసెలక్షన్‌లో ఏ సెల్ కూడా ఎవరి కోసమూ ఎదురుచూడదు.

ఆ ఎదురుచూపుకూ ఖర్చుంది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ రిలీజ్ 16 ప్రకారం ఒక ఫోనుకు 8 వరకు కండిషనల్ అభ్యర్థి సెల్స్ ఇవ్వొచ్చు. ప్రతి సెల్ ఆ ఫోను కోసం ఒక ప్రత్యేక ప్రీయాంబుల్ (సెల్‌లోకి రావడానికి ఫోను పంపే తొలి సంకేతం) పక్కన పెడితే, ఫోను చివరికి వాడేది ఒక్కటి, మిగతా ఏడూ ఊరికే కట్టిపడి ఉంటాయి. సెల్‌కు ఉండే ప్రీయాంబుల్స్ 64, అందులో పోటీ పడేవాళ్లకు వదిలేయగా ప్రత్యేకంగా మిగిలేవి కొన్నే. మామూలుగా అయితే టార్గెట్ నుంచి హ్యాండోవర్ సక్సెస్ వచ్చాకే సోర్స్ మిగతా సెల్స్‌కు రద్దు సందేశం పంపుతుంది. పనికిరాదని తేలిన అభ్యర్థిని అంతకన్నా ముందే వదిలించే పద్ధతి ఎవరైనా కనిపెడితే, ఒక సెల్‌లో ఎన్ని ప్రీయాంబుల్స్ ఖాళీ అయ్యాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూపొచ్చు. ఇదీ అల్గారిథమేనట.

మాట తప్పిన సంగతికి వద్దాం. కంప్యూటర్ సంబంధిత ఆవిష్కరణల మీద మీ కార్యాలయం ఇచ్చిన 2016 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో కొత్త హార్డ్‌వేర్ ఉంటే తప్ప కుదరదన్నారు. 2017 జూన్‌లో ఆ షరతు తీసేశారు, సంతోషించాం. 2019 డిసెంబరులో ఫెరిడ్ అల్లాని కేసులో ఢిల్లీ హైకోర్టు సాంకేతిక ఫలితం, సాంకేతిక తోడ్పాటు చూడమంది. ‘పర్ సే’ (దానంతట అదే) అన్న మాట చట్టంలో చేర్చిందే నిజమైన ఆవిష్కరణలు కొట్టుకుపోకుండా అని గుర్తుచేసింది. ఇంకా సంతోషించాం. 2025లో మళ్లీ కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఇన్ని జరిగినా విచారణలో వినబడే మాట ఒక్కటే: కొలిచేది మామూలు రిసీవరే, నడిపేది మామూలు ప్రాసెసరే కదా! 2017లో ముందు గుమ్మంలోంచి పంపేసిన హార్డ్‌వేర్ షరతు దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. ఇంకో సూక్ష్మం కూడా కనిపెట్టాం, మీరు గమనించే ఉంటారు. సెక్షన్‌లో ‘పర్ సే’ కంప్యూటర్ ప్రోగ్రామ్‌కే అంటుకుని ఉంది, అల్గారిథం అన్న మాటకు లేదు. అందుకే ప్రోగ్రామ్ అనడం తగ్గించి అల్గారిథం అనడం పెంచారు. తెలివైన పనే. కానీ ఆ లెక్కన మోడెమ్‌లో జరిగేదేదీ మిగలదు. లేయర్ 3 ఫిల్టర్ అల్గారిథం, పవర్ కంట్రోల్ అల్గారిథం, ఎర్రర్ కరెక్షన్ అల్గారిథం. వైర్‌లెస్‌లో పేటెంటు దొరికేది టవర్ ఇనుముకు, ఫోను డబ్బాకు మాత్రమే.

జవాబు రాసేటప్పుడు పడే పాట్లు వేరు. పడిపోయే వేగాన్ని ఎలా లెక్కించాలో సూత్రం క్లెయిమ్‌లో రాస్తే గణిత పద్ధతి అంటారు. తీసేస్తే సెక్షన్ 10(5) కింద స్పష్టత లేదంటారు. స్పష్టత కోసం మళ్లీ కొంచెం మార్చి పెడితే, ముందున్న క్లెయిమ్ పరిధి దాటిందంటూ సెక్షన్ 59 తీస్తారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఫోను వైపు క్లెయిములు, సోర్స్ వైపు క్లెయిములు, టార్గెట్ వైపు క్లెయిములు మూడూ వేర్వేరు ఆవిష్కరణలంటూ ముక్కలు చేయమనడం ఇంకో ముచ్చట. సందేశం పంపేవాడూ అందుకునేవాడూ ఒకే ఆవిష్కరణకు రెండు కొసలని ఎవరైనా చెప్పాలా?

మా వైపు తప్పు లేదనడం లేదు. ఏ3 ఆఫ్‌సెట్‌లో అంకె మార్చి, దానికి కృత్రిమ మేధ అని పేరు తగిలించి దాఖలు చేసే దరఖాస్తులు కుప్పలుగా వస్తున్నాయి. వాటిని కొట్టేయండి, మాకూ పీడ విరగడ. కాకపోతే సెక్షన్ 2(1)(జెఎ) కింద, ఆవిష్కరణ దశ లేదని కారణం రాసి కొట్టేయండి. గింజనూ ఊకనూ 3(కె) అనే ఒకే గాటన కట్టేస్తే, చివరికి లాభపడేది ఊకే. ఎందుకంటే ఆ పేరాకు జవాబు కూడా అలవాటైన పేరాతోనే ఇచ్చేయొచ్చు, ఇస్తున్నారు కూడా.

చిన్న సంగతే అయినా ప్రాణం తీసేది వెర్షన్ నంబరు. 5జీ ప్రమాణ పత్రాన్ని చూపుతూ టీఎస్ 38.331 అని మాత్రమే రాసి పంపుతారు. ఏ 38.331 అండీ? 15తో మొదలైతే రిలీజ్ 15, 16తో మొదలైతే రిలీజ్ 16. కండిషనల్ హ్యాండోవర్ మొదటిదాంట్లో లేనే లేదు, రెండోదాంట్లో ఉంది. మా ప్రాధాన్య తేదీ (కొత్తదనాన్ని లెక్కించే తేదీ) ఆ రెంటి మధ్య ఉంటే కేసు మొత్తం ఆ ఒక్క అంకె మీద ఆధారపడుతుంది. 3జీపీపీ సమావేశ పత్రాల విషయంలోనూ ఇంతే. సమావేశం జరిగిన తేదీ వేరు, పత్రం సర్వర్‌లో అందరికీ కనబడిన తేదీ వేరు. ఈ వివరం లేని ఎఫ్‌ఈఆర్ జారీ అయిన రోజు నుంచి మా 6 నెలల గడువు మాత్రం ఠంచనుగా నడుస్తుంది. గడువు పెంచమని ఫారం 4 పెట్టుకుంటే మరో 3 నెలలు. ఆ తర్వాత విచారణ నోటీసులో ఎప్పుడూ చూడని డీ4 అనే కొత్త పత్రం ప్రత్యక్షమవుతుంది. దానికి రాతపూర్వక వాదన విచారణ అయిన 15 రోజుల్లో ఇవ్వాలి. పరిశీలన ఎంత సాగినా సాగుతుంది, జవాబుకు మాత్రం గడువు తప్పదు. పేటెంటు 20 ఏళ్లు లెక్కపెట్టేది దాఖలు తేదీ నుంచే కాబట్టి, మీ బల్ల మీద గడిచిన ప్రతి నెలా అందులోంచే పోతోంది. ఈలోగా ప్రమాణంలో రెండేళ్లకో రిలీజ్ వస్తూనే ఉంది. రిలీజ్ 18లో ఎల్‌టీఎం (కింది లేయర్ల సంకేతంతోనే సెల్ మారే కొత్త పద్ధతి) వచ్చేసింది, మేం ఇంకా రిలీజ్ 16 హ్యాండోవర్‌కు రేడియోతో సంబంధం ఉందని రుజువు చేస్తున్నాం.

అయ్యా, పెద్ద కోరికలేం లేవు. అభ్యంతరం రాసేముందు క్లెయిమ్ చదవమనండి. 3(కె) రాస్తే, క్లెయిమ్‌లో ఏ దశ అల్గారిథమో, దరఖాస్తు వివరణలో (స్పెసిఫికేషన్‌లో) రాసిన రేడియో ఫలితం ఎందుకు చాలదో రెండు వాక్యాలు రాయమనండి. డీ1 ఐడిల్ మోడ్‌దా, కనెక్టెడ్ మోడ్‌దా చూడమనండి. వైర్‌లెస్ తెలిసినవాళ్ల చేతికి వైర్‌లెస్ దరఖాస్తు ఇవ్వండి. తిరస్కరించండి, కాదనడం లేదు, కానీ హ్యాండోవర్‌ను చూసి తిరస్కరించండి. సెక్షన్ 117ఎ కింద 3 నెలల్లో హైకోర్టుకు పోవచ్చని మాకూ తెలుసు. ప్రతి టైమర్‌కూ ఒక అప్పీలు వేసే స్తోమత చిన్న కంపెనీలకు లేదని మీకూ తెలుసు.

ఈ లేఖకు కూడా రసీదే వస్తే, అందులో ఒక్క విషయం కలపండి చాలు: పోయినసారి చూపిన 38.331 ఏ వెర్షన్?

ఇట్లు,
వైర్‌లెస్ పేటెంటు దరఖాస్తులు రాసే కొందరు ఇంజినీర్లు, ఏజెంట్లు