సగంలో ఆపేసిన సినిమా గురించి

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

ఎలా ఉన్నావు? పిల్లల పరీక్షలు అయిపోయాయా? ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు. అందుకే కాగితం తీశాను.

మొన్న "రన్నింగ్ ఆన్ కర్మ" అనే హాంగ్‌కాంగ్ సినిమా మొదలుపెట్టి నలభై నిమిషాలకే ఆపేశానన్నావే, ఆ మాట వారం రోజులుగా నన్ను వదల్లేదు. "ఒంటినిండా కండల తొడుగేసుకున్న హీరో, క్లబ్బులో బట్టలు విప్పే డాన్సు, బుల్లి పెట్టెలో ఇమిడిపోయే హంతకుడు, ఇదేం కలగూరగంపరా" అన్నావు. మొదటి అరగంట నాకూ అలాగే అనిపించింది. ఆండీ లౌ అంతటి అందగాణ్ణి తీసుకొచ్చి, ఆ మొహాన్ని కొండంత ఒంటి మీద పెడితే ఎవరికైనా నవ్వొస్తుంది. పోలీసులు క్లబ్బు మీద పడితే అతను అదే అవతారంలో రోడ్డున పడి పరిగెత్తడం, వెనక వాళ్ళు, ఆ సందడి. మన చిన్నప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకి తెచ్చుకుని చూసిన కుంగ్‌ఫూ సినిమాల కామెడీలా ఉంది కదా అని హాయిగా కూర్చున్నాను. నువ్వు సరిగ్గా అక్కడే లేచిపోయావు. మిగతా సగం చెప్పకుండా నేనుండలేను. కథ తెలిసిపోతుందని కోప్పడకు, తెలిశాక చూసినా ఈ సినిమా ఏమీ తగ్గదు.

శనివారం రాత్రి ఇంట్లో అందరం కలిసి చూశాం. నాన్న, చెల్లి, బావ, మేనల్లుడు. నిడివి గంటన్నరే, అయినా పడుకునేసరికి రెండయింది. సినిమా అయ్యాక మొదలైన గొడవ అది.

ఆ కండల మనిషి ఒకప్పుడు బౌద్ధ సన్యాసి. తనకి కావలసిన అమ్మాయిని ఒకడు చంపేసి కొండల్లోకి పారిపోతాడు. వాణ్ణి వెతికి వెతికి దొరక్క, కోపం పట్టలేక, చేతిలో కర్రతో చెట్టుని బాదుతాడు. దెబ్బలు ఆగాక చూస్తే కింద ఒక పిచ్చుక చచ్చి పడి ఉంటుంది. అంతే సుబ్బూ, ఆ ఒక్క పిట్ట. హంతకుణ్ణి వెతకడానికి వచ్చినవాడు తనే ఒక ప్రాణం తీశాడు. దాని పక్కనే కూర్చుండిపోతాడు, రోజుల తరబడి. లేచేసరికి ఎదుటివాళ్ళ పూర్వకర్మ కళ్ళకి కనబడటం మొదలవుతుంది. కాషాయం వదిలేసి ఊళ్ళో పడతాడు. నువ్వు నవ్వుకున్న ఆ క్లబ్బు డాన్సు దాని తర్వాతి సంగతి. ఇది తెలిశాక ఆ డాన్సు మళ్ళీ చూడు, నవ్వు రాదు.

అతన్ని పట్టుకోవడానికి వచ్చిన పోలీసు అమ్మాయి ఉంది చూశావూ, సిసీలియా చియుంగ్ వేసిన పాత్ర. ఎంత మంచి పిల్ల! ఆమెని చూసినప్పుడల్లా అతనికి యుద్ధకాలంలో అమాయకుల్ని నరికిన జపాన్ సైనికుడు కనిపిస్తాడు. ఆమె పోయిన జన్మ అది. అంటే ఆమెకి చావు దగ్గరపడిందని అర్థం. తప్పించాలని చూస్తాడు. ఒకసారి తప్పిస్తాడు, ఇంకోసారి తప్పిస్తాడు. చివరికి ఆమెకే సంగతి తెలుస్తుంది. ఎలాగూ పోయే ప్రాణం ఇతని పనికైనా వస్తే చాలనుకుని, ఆ పాత హంతకుణ్ణి వెతుకుతూ వీడియో కెమెరా పట్టుకుని ఒక్కతే కొండల్లోకి వెళుతుంది. తిరిగి రాదు. అక్కడ అతను ఏం చూస్తాడో నేను రాయను. మా ఇంట్లో ఆ చోట ఎవరూ మాట్లాడలేదు.

అయిపోగానే బావ అన్నాడు: "చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు కదా, దీనికింత సినిమా ఎందుకు? ఫైట్లయినా సరిగ్గా లేవు." చెల్లికి ఒళ్ళు మండింది. "ఆ పిల్ల ఏం చేసుకుంది? ఎవడో సైనికుడు చేస్తే ఈమె తల వంచాలా? ఆస్పత్రిలో పసిపిల్లలు పోతే వాళ్ళ ఖర్మ అని ఊరుకుంటావా?" అంది. కళ్ళనిండా నీళ్ళు. దానికి కర్మ అనే మాటంటేనే ఎలర్జీ, నీకు తెలుసుగా, బాబు పోయినప్పుడు చుట్టాలు అన్న మాటల వల్ల. అందుకే దాని కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

మేనల్లుడి బాధ వేరు. "పెట్టెలో దూరే హంతకుడు ఇండియా వాడే ఎందుకు కావాలి మావయ్యా? యోగా తెలిస్తే హంతకులా?" అన్నాడు. వాడన్నది న్యాయం. బుద్ధుడికి జ్ఞానోదయమైన దేశం నుంచి ఒక మనిషిని తెచ్చి సర్కసు జంతువులా చూపించారు. అంత లోతుగా ఆలోచించినవాళ్ళు ఆ చోట బద్ధకించారు. నాకూ నచ్చలేదు.

నాన్న మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాండవ్యుడి కథ ఎత్తుకున్నారు. దొంగల సొమ్ము ఆశ్రమంలో దొరికిందని రాజు ఆయన్ని కొరత వేయిస్తాడు కదా. నేనేం పాపం చేశానని యముణ్ణి అడిగితే, చిన్నప్పుడు పురుగుల్ని పుల్లకి గుచ్చావంటాడు. "పసితనంలో తెలియక చేసినదానికి ఇంత శిక్షా" అని మాండవ్యుడు యముడికే శాపం పెట్టాడు, ఆ శాపంతోనే యముడు విదురుడిగా పుట్టాడు. నాన్న ఇంతవరకూ చెప్పి చెల్లి వైపు చూసి, "నీ కోపం కొత్తదేం కాదమ్మా, భారతంలోనే ఉంది" అన్నారు. చెల్లి అప్పుడు కాస్త తేలికపడింది.

నాకు తోచింది ఇది. ఆ సైనికుడూ ఈ అమ్మాయీ ఒకరు కాదని సినిమాలో అతనే చెబుతాడు. మనిషి వేరే, చేసిన పని మాత్రం మిగిలే ఉంది. మిళిందుడనే గ్రీకు రాజుకి నాగసేనుడనే బౌద్ధ భిక్షువు చెప్పిన దీపం పోలిక గుర్తుందా? మొదటి జాములో వెలిగిన మంట, చివరి జాములో మంట ఒకటి కాదు, అలాగని వేరేదీ కాదు. అదే పద్ధతి. కాబట్టి ఆమెకి పడింది శిక్ష అని నేననుకోను. శిక్ష వేసే యముడెవరూ ఈ సినిమాలో లేడు, అడగడానికీ శపించడానికీ ఎవరూ లేరు. అందుకే మాండవ్యుడి కథ కన్నా ఇది కష్టంగా ఉంది. ఉన్నదల్లా ఇప్పుడు నువ్వేం చేస్తావు అన్నదే. ఆమె చావబోతూ ఇంకొకరి కోసం కొండెక్కింది. అతను ఆ పగతోనే గుహలో దిగి, అచ్చం తనలాగే ఉన్న మరొకడితో కొట్టుకుని కొట్టుకుని, చివరికి పగ వదిలేస్తాడు. కర్మ కనబడినా ఆపలేకపోయినవాడు, దాన్ని ఇంకొంచెం పెంచకుండా ఊరుకోగలిగాడు.

ఇది 2003లో వచ్చిన సినిమా. జానీ టో, వై కా ఫై కలిసి తీశారు. హాంగ్‌కాంగ్‌లో ఆ ఏడాదే సార్స్ జబ్బుతో 299 మంది పోయారు. ఆ నెలలు దాటుకుని హాల్లో కూర్చున్నవాళ్ళకి "ఈమే ఎందుకు" అన్న ప్రశ్న ఎలా తగిలి ఉంటుందో అనిపించింది. మరుసటి ఏడాది హాంగ్‌కాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు, ఉత్తమ స్క్రీన్‌ప్లే దీనికే ఇచ్చారు. ఆ కండల తొడుగులో ఉన్న మనిషికి ఉత్తమ నటుడు! కళ్ళు చూడరా సుబ్బూ, ఒంటిని వదిలేసి కళ్ళు చూడు.

ఇంకొకటి. ఆ కామెడీ, ఆ పోలీసు గోల, ఆ ప్రేమ లేకుండా మొదటి నుంచీ గంభీరంగా తీసి ఉంటే మనం ఉపన్యాసం వింటున్నట్టు జాగ్రత్తగా కూర్చునేవాళ్ళం. నవ్వుతూ ఏమరుపాటుగా ఉన్నప్పుడు పిచ్చుక పడింది. అందుకే దెబ్బ గట్టిగా తగిలింది. నువ్వు కలగూరగంప అన్నది నాకు దాని బలంలా కనిపిస్తోంది.

నువ్వు ఆపిన చోటు నుంచి కాదు, మళ్ళీ మొదటి నుంచి చూడు. చూశాక చెల్లికి ఒక ఉత్తరం రాయి, నాకు కాదు. నువ్వు చెబితే అది వింటుంది.

ఇవాళ పొద్దున వంటింట్లో పాలు పొంగిపోయాయి. చెల్లి పరిగెత్తుకొచ్చి, స్టవ్ కట్టేసి, "నా ఖర్..." అంటూ సగంలో ఆపేసింది. కాసేపు అలాగే నిలబడి, గుడ్డ తీసుకుని గట్టు తుడుచుకుంది.

నీ
ప్రసాదు